షాట్‌గన్ పౌడర్‌తో పిస్టల్ తూటాలు: మొదటి మోతాదుకు ముందు జాగ్రత్తలు

అమెరికాలో 2020, 2021 సంవత్సరాల్లో ప్రైమర్లు (తూటా అడుగున ఉండి మందును అంటించే చిన్న మూతలు), పిస్టల్ పౌడర్లు (తుపాకీ మందు) దుకాణాల్లో దొరకడం గగనమైనప్పుడు, సొంత తూటాలు ఇంట్లోనే నింపుకునే అలవాటున్న చాలామంది అరలో మిగిలిపోయిన షాట్‌గన్ పౌడర్ డబ్బాల వైపు చూశారు. అది తప్పేమీ కాదు. యూనిక్ వంటి పౌడర్లను దశాబ్దాలుగా షాట్‌గన్‌లోనూ పిస్టల్‌లోనూ వాడుతున్నారు. పాత పౌడర్‌తో చేయి అలవాటైన మనిషి, ఆ అలవాటునే కొత్త డబ్బాకు కూడా వర్తింపజేసినప్పుడే ప్రమాదం మొదలవుతుంది. అక్కడి తెలుగువారిలోనూ షూటింగ్ రేంజికి వెళ్ళేవారు, గ్యారేజీలో రీలోడింగ్ ప్రెస్ (తూటాలు నింపే యంత్రం) బిగించుకున్నవారు ఉన్నారు కనుక, వారిని దృష్టిలో పెట్టుకొని ఈ జాగ్రత్తలు రాస్తున్నాను.

ముందుగా పౌడర్ స్వభావం తెలియాలి. 12 గేజ్ షాట్‌గన్ గొట్టం వెడల్పైనది. దాని సాధారణ తూటాకు అమెరికా ప్రమాణాల సంస్థ సామీ అనుమతించిన గరిష్ఠ పీడనం చదరపు అంగుళానికి 11,500 పౌండ్లు మాత్రమే. అంత వెడల్పు గొట్టంలో, అంత తక్కువ పీడనంలో కూడా పూర్తిగా కాలాలి కాబట్టి, ఈ పౌడర్లలో చాలావాటిని త్వరగా మండేలా తయారుచేస్తారు. అదే పౌడర్‌ను ఇరుకైన పిస్టల్ కేస్‌లో (తూటా లోహపు తొడుగులో) పోసినప్పుడు పీడనం ఒక్క ఉదుటున పెరుగుతుంది. షాట్‌గన్‌లో పద్దెనిమిది గ్రెయిన్ల మోతాదుకు 0.4 గ్రెయిన్ అటూ ఇటూ అయితే తేడా రెండు శాతమే. పిస్టల్‌లో నాలుగు గ్రెయిన్ల మోతాదుకు అదే 0.4 గ్రెయిన్ పదో వంతు అవుతుంది. ఒక గ్రెయిన్ అంటే దాదాపు 65 మిల్లీగ్రాములు. మనం ఎంత సన్నని గీత మీద నడుస్తున్నామో దీన్ని బట్టి అర్థం చేసుకోవచ్చు.

మోతాదు ఎక్కడి నుంచి తీసుకోవాలన్న ప్రశ్నకు ఒకటే సమాధానం: పౌడర్ తయారీదారు లేదా బుల్లెట్ (తూటా నుంచి దూసుకుపోయే లోహపు ముక్క) తయారీదారు ప్రచురించిన పట్టిక. ఆ పట్టికలో మీ తూటా, మీ పౌడర్, మీ బుల్లెట్ బరువు, దాని రకం, తూటా మొత్తం పొడవు అన్నీ సరిపోలాలి. గరిష్ఠ మోతాదు ఒక్కటే ఇచ్చి, దానికి పది శాతం తగ్గించి మొదలుపెట్టమని చెప్పే పట్టికలూ ఉంటాయి. కనీస మోతాదు ఇచ్చి ఉంటే అంతకన్నా కిందికి దిగకూడదు, ఎందుకంటే మరీ తక్కువైనా బుల్లెట్ గొట్టంలోనే ఇరుక్కుపోవచ్చు. పౌడర్లను మండే వేగం ప్రకారం వరుసగా పేర్చిన జాబితాలో రెండు పేర్లు పక్కపక్కన ఉన్నాయని ఒకదాని మోతాదును మరొకదానికి వాడడం ప్రాణం మీదికి తెచ్చుకోవడమే. పేర్లు కూడా మోసం చేస్తాయి: హాడ్జ్‌డన్ సంస్థ క్లేస్, ఇంటర్నేషనల్ క్లేస్, యూనివర్సల్ క్లేస్ అన్న పేర్లతో మూడు వేర్వేరు పౌడర్లను అమ్మింది. పేరు చీటీ లేని డబ్బాలో ఉన్నదేమిటో రంగును, రేకుల ఆకారాన్ని చూసి తేల్చే దారి లేదు. దాన్ని పారేయడం తప్ప మరో మార్గం ఆలోచించకండి. మూత తీయగానే ఘాటైన ఆమ్లపు వాసన వచ్చినా, ఎర్రటి ధూళి కనిపించినా ఆ పౌడర్ చెడిపోయినట్టే.

నన్ను అన్నిటికన్నా ఎక్కువగా భయపెట్టేది ఒకే కేస్‌లో రెండు మోతాదులు పడడం. .45 కోల్ట్ తూటాను తీసుకోండి. అది 1873 నాటిది, పాతకాలపు నల్ల తుపాకీమందు కోసం రూపొందినది, కాబట్టి దాని కేస్ చాలా పెద్దది. త్వరగా మండే షాట్‌గన్ పౌడర్ తగిన మోతాదు ఆ కేస్ అడుగున కొద్దిపాటి పొరలా కనిపిస్తుంది. రెండుసార్లు పోసినా పొంగదు, మూడోసారి పోసినా ఇంకా చోటు మిగలవచ్చు. దాని గరిష్ఠ పీడనం 14,000 పౌండ్లే, రెండో మోతాదు పడితే రివాల్వర్ సిలిండర్ పగిలిపోవచ్చు. అందుకని కేసులన్నిటినీ చెక్క పలకలోని గుంతల్లో నిలబెట్టి, పౌడర్ పోయని వాటిని తలకిందులుగా ఉంచి, పోసిన వాటిని మాత్రమే నిటారుగా తిప్పండి. బుల్లెట్ కూర్చడానికి ముందు టార్చి లైటుతో ప్రతి కేస్‌లోకీ తొంగి చూసి, మట్టాలన్నీ ఒకేలా ఉన్నాయని నిర్ధారించుకోండి. కొత్త పౌడర్‌తో మొదటి విడత ఒక్కో దశ విడిగా చేసే సాధారణ ప్రెస్ మీదే చేయడం మేలు. అన్ని దశలూ ఒకేసారి సాగే తిరుగుడు ప్రెస్ మధ్యలో మొరాయిస్తే, అందులో ఉన్న కేసులన్నిటినీ ఖాళీ చేసి మళ్ళీ మొదలుపెట్టండి. ఫోన్ మరో గదిలో ఉండాలి. బల్ల మీద ఒకే ఒక్క పౌడర్ డబ్బా ఉండాలి.

రేకుల్లాంటి పౌడర్ కొలత గొట్టంలో అడ్డంగా ఇరుక్కొని ఒక కేస్‌లో తక్కువగా, తర్వాతి దానిలో ఎక్కువగా పడుతుంది. కొలత యంత్రం ఘనపరిమాణాన్ని కొలుస్తుందే గానీ బరువును కాదు కనుక, మొదట్లో ప్రతి మోతాదునూ త్రాసు మీద తూచండి. త్రాసును తెలిసిన బరువుతో సరిచూసుకోండి, ఫ్యాను ఆపివేయండి. 9 ఎంఎం వంటి చిన్న కేస్‌లో బుల్లెట్ కొంచెం లోతుకు దిగినా పీడనం బాగా పెరుగుతుంది, అందువల్ల ప్రతి తూటా పొడవునూ కాలిపర్‌తో చూడండి.

పరీక్షకు ఒక్కో మోతాదుతో ఐదు తూటాలు చాలు. ప్రైమర్ చదునుగా అయిందా అని చూసి పీడనాన్ని అంచనా వేయడం ఇక్కడ నమ్మదగినది కాదు, తక్కువ పీడనపు తూటాల్లో ఆ గుర్తు కనిపించేసరికి హద్దు ఎప్పుడో దాటి ఉంటుంది. బుల్లెట్ వేగాన్ని కొలిచే క్రోనోగ్రాఫ్‌లో వేగం పట్టికకన్నా ఎక్కువగా వస్తే మోతాదు పెంచడం అక్కడితో ఆపండి. శబ్దం పేలవంగా వచ్చినా, చేతికి కుదుపు తగ్గినట్టనిపించినా, రెండోసారి ట్రిగ్గర్ నొక్కకండి. తుపాకీని ఖాళీ చేసి, గొట్టంలో బుల్లెట్ ఇరుక్కోలేదని కడ్డీతో చూసుకోండి. ట్రిగ్గర్ నొక్కినా పేలకపోతే కనీసం ముప్పై సెకన్లు గొట్టాన్ని లక్ష్యం వైపే ఉంచండి.

పౌడర్ ఎప్పుడూ దాని సొంత డబ్బాలోనే ఉండాలి. అమెరికా గ్యారేజీల్లో నీళ్ళు కాచే హీటర్‌కు నిరంతరం వెలిగే చిన్న మంట ఉండవచ్చు, దానికి దూరంగా పెట్టండి. ఒలికిన పౌడర్‌ను వ్యాక్యూమ్ క్లీనర్‌తో తీయకూడదు, చీపురుతో ఎత్తాలి. ప్రైమర్ల మసిలోనూ సీసం బుల్లెట్లలోనూ విషపు సీసం ఉంటుంది. చేత్తో అన్నం కలుపుకునే మనం సబ్బుతో మోచేతుల దాకా కడుక్కున్నాకే కంచం ముందు కూర్చోవాలి, పిల్లలను ఆ బల్ల దగ్గరికి రానీయకూడదు.

తయారైన పెట్టె మీద పౌడర్ పేరు, లాట్ నంబరు, మోతాదు, బుల్లెట్, తేదీ రాసి ఉంచండి, మీరు నింపిన తూటాలు స్నేహితులకు ఇవ్వకండి. సొంత వాడకానికి నింపుకోవడానికి అక్కడి ఫెడరల్ చట్టం లైసెన్స్ అడగదు గానీ, అమ్మకానికి తయారుచేస్తే అడుగుతుంది. భారతదేశంలో 1959 ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా మందుగుండు తయారుచేయడం నేరం. రేంజికి వాడిన సంచిని ప్రయాణానికి తీసుకొని, అడుగున మరిచిపోయిన ఒక్క తూటాతో విమానాశ్రయాల్లో కేసుల్లో చిక్కుకున్నవారి వార్తలు వస్తూనే ఉన్నాయి. ఆ సంచిని ఊరికి వెళ్ళే సామానులో ఎన్నడూ చేర్చకండి.