మోవర్‌ని ఎత్తాక మొదలయ్యే తంటాలు: తెల్లపొగ నుంచి జారే జాకీ దాకా

డాలస్ పక్కన ఇల్లు కొన్న మొదటి ఏడాది, ఏప్రిల్‌లో ఒక శనివారం పొద్దున, లాన్ మోవర్ (గడ్డి కోసే మిషన్) అడుగున పేరుకున్న గడ్డి గీకుదామని దాన్ని కుడిపక్కకి పడుకోబెట్టాను. పావుగంటలో పని అయిపోయింది. నిలబెట్టి తాడు లాగితే నాలుగోసారికి ఇంజన్ అందుకుంది. దాంతోపాటే మున్సిపాలిటీ దోమల మందు బండి వచ్చినట్టు వీధంతా తెల్లపొగ. ఎదురింటాయన ఫోన్ చేత్తో పట్టుకుని వచ్చి, ఫైరింజన్‌ని పిలవమంటారా అని అడిగాడు.

ఆ వంచే అలవాటు ఎక్కడిదో నాకు తెలుసు. మా నాన్నకి బజాజ్ చేతక్ ఉండేది. పెట్రోలు అడుగంటితే స్కూటర్‌ని పక్కకి వంచి, కాసేపు అలా పట్టుకుని, కిక్కు కొట్టేవారు. అది టూ స్ట్రోక్ బండి. ఇంజన్‌కి కావలసిన ఆయిల్ పెట్రోల్లోనే కలిసి ఉండేది కాబట్టి కాసేపు ఎటు వంచినా దానికి పోయేదేమీ లేదు. ఇప్పటి మోవర్లు ఎక్కువగా ఫోర్ స్ట్రోక్. ఇంజన్ అడుగున అర లీటరు దాకా ఆయిల్ విడిగా నిలవ ఉంటుంది, వంచిన పక్కకి అది పారుతుంది. మోవర్ కింద పని చేశాక వచ్చే గొడవలు చాలావరకు గీకడం వల్ల రావు, ఎత్తిన తీరు వల్ల వస్తాయి.

ఎత్తకముందు: స్పార్క్ ప్లగ్ వైరు

తోసే మోవర్‌లో బ్లేడు నేరుగా ఇంజన్ తిప్పే ఇరుసుకే, అంటే క్రాంక్ షాఫ్ట్‌కే, బిగించి ఉంటుంది. అంటే బ్లేడుని చేత్తో తిప్పితే ఇంజన్‌ని తిప్పినట్టే. ఇంజన్‌తోపాటు తిరిగే బరువైన చక్రం, అంటే ఫ్లైవీల్‌లో ఉన్న అయస్కాంతం తిరిగితే చాలు, స్పార్కు పుడుతుంది, దానికి బ్యాటరీ అక్కర్లేదు. హ్యాండిల్ దగ్గరి కడ్డీ వదిలేస్తే ఆ స్పార్కుని ఆపే ఏర్పాటు ఉంటుంది, నిజమే. కానీ లోపల ఆ తీగ తెగిందో లేదో మీకు తెలియదు. అందుకే స్పార్క్ ప్లగ్ మీది రబ్బరు టోపీ పట్టుకుని లాగేసి, మళ్లీ ప్లగ్‌ని తాకకుండా దూరంగా వంచి కట్టండి. బ్యాటరీ మోవర్ అయితే బ్యాటరీ తీసి ఇంట్లో పెట్టండి, తాళంచెవి లాంటిది ఉంటే అదీ తీసేయండి. కరెంటు తీగది అయితే గోడ దగ్గరి ప్లగ్గు పీకండి.

కడ్డీ వదిలాక 3 సెకన్లలో బ్లేడు ఆగాలని అమెరికాలో 1982 నుంచి నిబంధన ఉంది. బ్లేడు ఆగుతుంది కానీ సైలెన్సర్ అంత త్వరగా చల్లారదు. అరగంట ఆగండి, టీ తాగి రండి.

సమస్య: ఎత్తి దించాక తెల్లపొగ

కారణం పైన చెప్పిందే. ఎయిర్ ఫిల్టర్, కార్బొరేటర్ ఉన్న పక్క కిందికి వచ్చేలా వంచారు. ఆయిల్ సిలిండర్‌లోకి, ఫిల్టర్‌లోకి, కొంత సైలెన్సర్‌లోకి చేరింది. ఇంజన్ వేడెక్కగానే అది కాలి పొగ వస్తోంది.

ముందు ఫిల్టర్ డబ్బా మూత తీసి చూడండి. కాగితం ఫిల్టర్ ఆయిల్‌తో తడిసి ఉంటే ఆరబెట్టి వాడదామని చూడకండి, కొత్తది వేయండి. స్పాంజి రకం అయితే సబ్బునీళ్లలో పిండి, పూర్తిగా ఆరాక పెట్టుకోవచ్చు. తర్వాత ప్లగ్ విప్పి తుడవండి. ప్లగ్ రంధ్రం మీద పాతగుడ్డ వదులుగా కప్పి, మొహం పక్కకి పెట్టుకుని, తాడు అయిదారుసార్లు లాగండి. గుడ్డ మీద నల్లటి ఆయిల్ చిమ్ముతుంది. ఇక రావడం లేదనుకున్నాక ప్లగ్ బిగించండి. డిప్‌స్టిక్ (ఆయిల్ ఎంతుందో చూసే గీతల పుల్ల) చూసి, ఆయిల్ తగ్గితే గీత దాకా మాత్రమే పోయండి. గీత దాటినా పొగే.

ఆరుబయట స్టార్ట్ చేసి వదిలేయండి. సైలెన్సర్‌లోది కాలిపోయేదాకా పొగ వస్తుంది, తగ్గుతూ పోతుంది. అరగంటకీ తగ్గకపోతే అది వేరే జబ్బు, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.

మళ్లీ ఇలా కాకూడదంటే రెండు దారులు. ఒకటి, ముందు చక్రాలు పైకి లేపి హ్యాండిల్ నేలకి ఆనేలా వెనక్కి వంచడం. ఇందులో ప్లగ్ పైకి చూస్తుంది, చాలా మోవర్లకి ఇదే మేలు. అయితే అలా నిలబెట్టిన మిషన్ ముందుకి పడుతుంది, పడితే మీ చెయ్యి ఉన్నది బ్లేడు కిందే. హ్యాండిల్‌ని గోడ దగ్గరి కొక్కేనికో, గరాజ్‌లోని బల్ల కాలికో తాడుతో కట్టేయండి. రెండోది, పక్కకి వంచడం, ఫిల్టర్ డబ్బా ఆకాశం వైపు ఉండేలా. ఫిల్టర్ డబ్బా అంటే ఇంజన్‌కి ఒక పక్కన అతికించినట్టుండే నల్ల ప్లాస్టిక్ పెట్టె. నేను మా దాని డెక్ (బ్లేడు మీద కప్పినట్టుండే గుల్ల) మీద ఆ పక్కన మార్కర్‌తో "పైకి" అని రాసి పెట్టాను. ఏడాదికి నాలుగుసార్లు చేసే పని, ఎవరికి గుర్తుంటుంది?

సమస్య: తాడు బిగుసుకుపోయింది, లాగితే రావడం లేదు

అన్నిటికన్నా చిన్న కారణం ముందు చూడండి: కడ్డీ నొక్కి పట్టుకున్నారా? వదిలేస్తే బ్రేకు పడే ఉంటుంది. పట్టుకున్నా రాకపోతే, ప్లగ్ వైరు పీకి కిందకి చూడండి, బ్లేడుకీ డెక్‌కీ మధ్య తడిగడ్డి ముద్ద ఇరుక్కుని ఉండొచ్చు. అదీ లేకపోతే ఆయిల్ సిలిండర్‌లో పిస్టన్ పైన నిండిపోయింది. గాలిని నొక్కినట్టు నూనెని నొక్కలేం కదా, అందుకే పిస్టన్ కదలదు. బలంగా గుంజితే తాడు తెగుతుంది, లేదా లోపల ఏదో వంగుతుంది. ప్లగ్ విప్పి మెల్లగా లాగండి. పైన చెప్పిన గుడ్డ వైద్యమే దీనికీ.

సమస్య: వంచగానే పెట్రోలు కారుతోంది

ట్యాంకు మూతకి గాలి పోయే సన్న రంధ్రం ఉంటుంది, వంచితే అక్కడి నుంచి పెట్రోలు వస్తుంది. మూత ఎంత గట్టిగా తిప్పినా ఆగదు. ట్యాంకు దాదాపు ఖాళీ అయ్యాకే, అంటే గడ్డి కోసిన రోజు చివర్లోనే, ఈ పని పెట్టుకోండి. మూత కింద ఒక పల్చటి ప్లాస్టిక్ కవరు ముక్క వేసి తిప్పితే ఆ కాసేపటికి సరిపోతుంది. పని అయ్యాక ఆ ముక్క తీయడం మర్చిపోకండి, లేకపోతే గాలి ఆడక ఇంజన్ మధ్యలో ఆగిపోతుంది.

ఇంకోటి. ఇక్కడ చాలా ఇళ్లలో గ్యాస్ వాటర్ హీటర్ గరాజ్‌లోనే ఉంటుంది. పెట్రోలు ఆవిరి గాలికన్నా బరువు, నేల మీద పాకుతూ పోయి ఆ మంటని అందుకోగలదు. కారే అవకాశం ఉన్న పని బయట డ్రైవ్‌వేలో, చదునుగా ఉన్న చోట చేసుకోండి.

సమస్య: గడ్డి కుప్పలు కుప్పలుగా పడుతోంది

డెక్ లోపల అట్టకట్టింది. గాలి తిరగక, కోసిన గడ్డి బయటికి ఎగరడం లేదు. టెక్సస్‌లో సెయింట్ ఆగస్టీన్ గడ్డి వెడల్పాటి ఆకు, తడిలో కోస్తే గోడకి పేడ కొట్టినట్టు అంటుకుంటుంది. ప్లాస్టిక్ గరిటెతోనో పుట్టీ పట్టీతోనో గీకండి. ఇనప గరిటె రంగు లేపుతుంది, రంగు పోయిన చోట తుప్పు పడుతుంది. గడ్డి అంటుకోకుండా కొట్టుకునే స్ప్రేలు అమ్ముతారు. నేను రెండు డబ్బాలు కొన్నాను, మూడోది కొనను.

సమస్య: బోల్టు తిప్పితే బ్లేడు కూడా తిరుగుతోంది

బ్లేడుకీ డెక్ లోపలి గోడకీ మధ్య ఒక చెక్కముక్క అడ్డం పెట్టండి. చేత్తో పట్టుకుని తిప్పుదామనుకోకండి, గ్లవ్స్ వేసుకున్నా సరే. సాధారణంగా అపసవ్య దిశలో ఊడుతుంది. కొన్నిటికి ఎడమ మర ఉంటుంది, అంటే సవ్య దిశలో ఊడుతుంది, బలం పెట్టేముందు మాన్యువల్ చూడండి. విప్పకముందు ఒక ఫోటో తీసుకోండి, ఎందుకో కింద చెప్తాను.

సమస్య: బిగించాక మిషన్ వణుకుతోంది, లేదా గడ్డి తెగడం లేదు

తెగకపోతే బ్లేడు తలకిందులుగా పెట్టారు. పైకి లేచినట్టుండే రెక్కలు డెక్ వైపు ఉండాలి. ఫోటో ఇందుకే. వణుకుతుంటే బ్లేడు ఒక పక్క ఎక్కువ అరిగింది. గోడకి మేకు కొట్టి, మధ్య రంధ్రంలోంచి బ్లేడుని తగిలించండి. ఏ పక్క కిందికి వాలితే ఆ పక్క కొంచెం ఆకురాయితో రాయండి. రెండు పక్కలా సమంగా నిలిచినా వణుకు పోలేదంటే షాఫ్టే వంగి ఉండొచ్చు. రాయికో స్ప్రింక్లర్ తలకో తగిలిన రోజు గుర్తుందా? అదే. ఇక తోలకండి, దుకాణంలో చూపించండి.

కూర్చుని తోలే మోవర్: ఇక్కడ లెక్క మారుతుంది

తోసేది ముప్పై నలభై కిలోలు. ఇది రెండు వందల కిలోల పైమాట. పక్కకి వంచడం అనే ఆలోచనే వద్దు. తాళంచెవి తీసేయండి, ప్లగ్ వైర్లు పీకండి. రెండు సిలిండర్ల ఇంజన్‌కి వైర్లు రెండుంటాయి, చాలామంది ఒకటి పీకి ఊరుకుంటారు.

జాకీ ఎత్తుతుంటే బండి వెనక్కి దొర్లుతోందా? చాలా వాటిలో పార్కింగ్ బ్రేకు పట్టేది వెనక చక్రాలనే. వెనక భాగం ఎత్తితే ఆ బ్రేకు గాల్లో ఉన్న చక్రాన్ని పట్టుకుని కూర్చుంటుంది, ముందు చక్రాలకి అడ్డే లేదు. ఒక్క వెనక చక్రమే లేపితే, నేల మీద ఉన్న రెండోది డిఫరెన్షియల్ (రెండు చక్రాల్నీ వేరువేరుగా తిరగనిచ్చే గేర్లు) వల్ల తిరిగిపోగలదు. అందుకని ఎత్తేది ముందు భాగమే, వెనక చక్రాలకి ముందూ వెనకా చెక్కలు పెట్టండి. ఘాట్ రోడ్డు మీద లారీ ఆగగానే క్లీనర్ దూకి టైరు కింద రాయి పెడతాడే, అదే పని. హైడ్రోస్టాటిక్ గేరు (ఆయిల్ ఒత్తిడితో చక్రాలు తిప్పేది) ఉన్నదైతే, బండిని చేత్తో తోసుకోవడానికి వెనక ఒక కడ్డీ ఉంటుంది. అది తోసే స్థానంలో ఉండిపోయిందేమో కూడా చూడండి.

జాకీ ఎత్తుతుంటే డెక్ మాత్రమే లేచి బండి లేవకపోతే, జాకీ పెట్టింది తప్పు చోట. డెక్ కడ్డీలకి వేలాడుతూ ఉంటుంది, బరువు మోయదు. ముందు ప్లాస్టిక్ బంపరూ మోయదు. ఫ్రేము ఇనుముకి, మధ్యలో పెట్టండి. ముందు ఇరుసు చివర పెడితే అది మధ్య పిన్ను మీద ఊగి బండి ఒరుగుతుంది.

జాకీ నేలలోకి దిగిపోతోందంటే మీరు గడ్డి మీదో, ఎండకి మెత్తబడ్డ తారు మీదో ఉన్నారు. కాంక్రీటు మీదికి రండి. ఎత్తాక ఫ్రేము కింద రెండు పక్కలా జాకీ స్టాండ్లు పెట్టి, జాకీ దించి, బరువు వాటి మీద కూర్చోనివ్వండి. ఇటుకలు, సిమెంటు దిమ్మలు వద్దు, అవి చెప్పకుండా పగులుతాయి. హైడ్రాలిక్ జాకీ ఎత్తడానికే. లోపలి సీలు పోతే అది కిందికి జారుతుంది. స్టాండ్ల మీద కూర్చున్నాక సీటు పట్టుకుని గట్టిగా అటూ ఇటూ ఊపి చూడండి. ఊగితే దించి మళ్లీ పెట్టండి.

నా మాట వింటే, బ్లేడ్లు మార్చడానికైతే అసలు బండి ఎత్తకుండా డెక్‌నే బయటికి లాగండి. బెల్టు తప్పించి, నాలుగైదు పిన్నులు తీస్తే ఇలాంటి చాలా బండ్లలో డెక్ పక్కనుంచి జారి వచ్చేస్తుంది. మొదటిసారి గంట పడుతుంది, ఆ తర్వాత ఇరవై నిమిషాలు.

సమస్య: అన్నీ సరిగ్గా చేశాను, అయినా స్టార్ట్ కావడం లేదు

పీకిన ప్లగ్ వైరు తిరిగి పెట్టారా? మొన్న నేను ఇరవైసార్లు తాడు లాగి, కార్బొరేటర్ విప్పుదామని స్క్రూడ్రైవర్ తెచ్చుకున్నాక కనబడింది.