మానిటర్‌లో బాగానే ఉంది, మరి మసక ఎక్కడిది?

ఒక చెవి ఆపరేషన్‌లో డాక్టర్ గారు ఆపరేషన్ మైక్రోస్కోప్ పెడల్ నొక్కారు, జూమ్ మార్చారు, మళ్లీ నొక్కారు. "మసగ్గానే ఉందయ్యా" అన్నారు. లెన్స్ తుడిచాను. స్క్రబ్ సిస్టర్ డ్రేప్ (మైక్రోస్కోప్‌కి తొడిగే స్టెరైల్ ప్లాస్టిక్ తొడుగు) సర్దింది, చివరికి కొత్త డ్రేప్ తొడిగింది. పావుగంట గడిచింది, పేషెంట్ మత్తులోనే ఉన్నాడు. మానిటర్‌లో మాత్రం బొమ్మ అద్దంలా ఉంది. దాని వంక ఎవరం చూడలేదు.

మానిటర్ స్పష్టంగా ఉండి ఐపీస్ (డాక్టర్ కళ్లు ఆనించి చూసే భాగం) మసకగా ఉంటే తప్పు చాలావరకు ఐపీస్‌దే. ముందు వాడినవాళ్ల పవర్ దగ్గరే డయాప్టర్ (కంటి పవర్‌కి తగ్గట్టు తిప్పే ఐపీస్ రింగు) ఆగిపోయి ఉంది, అంతే. రెండూ మసకగా ఉంటే అప్పుడు లెన్సూ డ్రేపూ చూడండి.

అప్పటినుంచి పేషెంట్ లోపలికి రాకముందే ఈ పని ముగిస్తున్నాను. కాగితం మీద పెన్నుతో చుక్క పెట్టి, డయాప్టర్లు రెండూ సున్నాకి తెచ్చి, జూమ్ పూర్తిగా పెంచి చుక్కని ఫోకస్ చేస్తాను. తర్వాత ఫోకస్ ముట్టుకోకుండా జూమ్ పూర్తిగా తగ్గిస్తాను. ఇక్కడినుంచి పని డాక్టర్ గారిది: ఒక్కో కంటితో చూస్తూ, చుక్క స్పష్టమయ్యేదాకా ఆ కంటి రింగు తిప్పాలి. ఇలా చేస్తే జూమ్ ఎంత మార్చినా ఫోకస్ చెదరదు. ఆ రెండు రింగుల అంకెలూ, కళ్ల మధ్య దూరమూ ఒక కార్డు మీద రాసుకుంటే మర్నాడు అర నిమిషం పని. కొత్త మిషన్లలో డాక్టర్ పేరు నొక్కితే లైటూ, జూమ్ వేగమూ, పెడల్ బటన్లూ వాటంతటవే సెట్ అవుతాయి. కానీ చాలా మిషన్లలో ఐపీస్ రింగు చేత్తోనే తిప్పాలి. దాన్ని మర్చిపోయేది అక్కడే.

తర్వాత బ్యాలెన్స్, అంటే మైక్రోస్కోప్ వదిలినచోటే నిలిచేలా బరువు సరిచేయడం. కెమెరా, అసిస్టెంట్ చూసే ట్యూబ్ అన్నీ బిగించాకే ఆటో బ్యాలెన్స్ నొక్కాలి, అదీ పేషెంట్‌కి దూరంగా. బ్రేక్ వదిలి ఒక్క వేలితో నెట్టండి. వదిలినచోటే నిలిస్తే సరే, కొంచెం జారినా మళ్లీ చేయండి. ఆపరేషన్ మధ్యలో డాక్టర్ ఐపీస్‌ని పైకి లేపి పట్టుకుని పనిచేయాల్సి వస్తే, గంటలో ఆయన మెడ సంగతి ఆయన్నే అడగాలి!

డ్రేప్ కీళ్ల దగ్గర వదులుగా, లెన్స్ దగ్గర బిగుతుగా ఉండాలి. లోపలి గాలి లాగేసే పంపు ఉంటే వాడండి.

లైటు తక్కువతో మొదలుపెట్టండి. జినాన్ దీపం పూర్తి వెలుగులో, దగ్గర దూరంలో, ఎక్కువసేపు ఉంటే చర్మం కాలొచ్చు. దీపం ఎన్ని గంటలు వెలిగిందో చూసి, స్పేర్ దీపానికి మారుతుందో లేదో ముందే ఒకసారి మార్చి చూడండి. ఐసీజీ (రక్తనాళాలు కెమెరాలో కనబడేలా ఎక్కించే రంగు మందు) వాడే కేసైతే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా పనిచేస్తోందో లేదో కూడా అప్పుడే చూడాలి. మందు ఎక్కించాక వెతుక్కుంటే అది రక్తనాళాల్లో మనకోసం ఆగదు.

స్టాండు ఎక్కడ పెట్టాలన్నది కేసుని బట్టి. వెన్నెముక కేసుల్లో ఇద్దరు డాక్టర్లు ఎదురెదురుగా నిలబడతారు కాబట్టి ట్యూబులు అలా తిప్పే బిగించాలి. చక్రాల చోట నేల మీద టేపు అంటించుకున్నాను. ఇప్పుడు "ఇటు జరుపు, అటు జరుపు" గొడవ లేదు.