పెదవి మీద నీటి పొక్కులు మళ్లీ మళ్లీ వస్తుంటే ఏం చేయాలి?

ఈ పొక్కులకు కారణం హెర్పిస్ అనే వైరస్. అది ఒకసారి సోకాక పొక్కు మానుతుంది గానీ వైరస్ పోదు. ముఖానికి స్పర్శనిచ్చే నరం వెంట పైకి వెళ్లి, పుర్రె లోపలి నరాల ముడిలో జీవితాంతం నిద్రాణంగా ఉంటుంది. ఎండ, జ్వరం, నిద్రలేమి, ఒత్తిడి, నెలసరి, పంటి చికిత్సలో పెదవికి తగిలే దెబ్బ దాన్ని లేపుతాయి. లేచిన వైరస్ అదే నరం వెంట దిగివస్తుంది కాబట్టే పొక్కులు దాదాపు ప్రతిసారీ ఒకే చోట వస్తాయి.

1. చిమచిమను పట్టుకోండి. పెదవి అంచున ఒక చోట చిమచిమ, దురద, మంట మొదలైతే సాధారణంగా ఒక రోజులోపే చిన్న చిన్న నీటి పొక్కులు గుంపుగా లేస్తాయి. మందు బాగా పనిచేసేది ఈ కొద్ది గంటల్లోనే. పొక్కులు చితికి చెక్కు కట్టాక వాడితే పెద్దగా ఫలితం ఉండదు. అందుకే మందు ముందే ఇంట్లో ఉండాలి.

2. మందు మొదలుపెట్టండి. 5 శాతం ఎసైక్లోవిర్ క్రీమును మెలకువగా ఉన్నంతసేపూ 4 గంటలకోసారి, రోజుకు 5 సార్లు, 4 రోజులు రాయాలి. దీనివల్ల తగ్గేది మహా అయితే ఒక రోజు. మాత్రలు ఇంకాస్త మెరుగు: 12 ఏళ్లు దాటినవారికి వాలసైక్లోవిర్ 2 గ్రాములు, 12 గంటల తర్వాత మరో 2 గ్రాములు, అంతటితో సరి. కిడ్నీ జబ్బు ఉన్నా, గర్భిణి అయినా డాక్టరును అడగకుండా వేసుకోవద్దు. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయలేదు. డాక్టరు చెప్పకుండా స్టెరాయిడ్ క్రీము రాస్తే పుండు ముదరవచ్చు.

3. చెక్కును గిల్లకండి. నోరు తెరిచినప్పుడల్లా అది పగిలి రక్తం వస్తుంటే పెట్రోలియం జెల్లీని దూదిపుల్లతో పలుచగా రాయండి. 7 నుంచి 10 రోజుల్లో దానంతటదే రాలిపోతుంది.

4. ఇతరులకు అంటనివ్వకండి. చిమచిమ మొదలైనప్పటి నుంచి పూర్తిగా మానేదాకా ముద్దులు, నోటితో లైంగిక చర్య, ఒకే గ్లాసు, ఒకే తువ్వాలు వద్దు. పసికందును ముద్దాడటం అసలే వద్దు. నవజాత శిశువుకు ఈ వైరస్ ప్రాణాంతకం కావచ్చు. పుండు ముట్టుకుంటే సబ్బుతో చేతులు కడిగాకే కళ్లను గానీ కాంటాక్ట్ లెన్సులను గానీ తాకండి.

ఎండలో తిరిగాక పొక్కులు వచ్చేవారు ఎస్‌పీఎఫ్ 30 ఉన్న లిప్ బామ్‌ను 2 గంటలకోసారి రాసుకోవాలి. ఏడాదికి ఆరుసార్లు, అంతకు మించి వస్తుంటే రోజూ మాత్ర వేసుకునే చికిత్స గురించి డాక్టరుతో మాట్లాడండి. కన్ను ఎర్రబడి నొప్పి పుట్టినా, వెలుతురు చూడలేకపోయినా మాత్రం ఆగకండి, అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి వెళ్లండి.