ఇంటి దగ్గరే ఇంగ్లిష్, 14వ పాఠం: దాక్కున్న విభక్తి

పోయిన వారం 'మనిషికి హూ, వస్తువుకి విచ్, చోటుకి వేర్' అని చెప్పాను. మీరు పంపిన జవాబుల్లో సగానికి పైగా ఇదే వాక్యం వచ్చింది: 'కైలాసగిరి ఈజ్ ద ప్లేస్ వేర్ వి విజిటెడ్.' ఇది తప్పు, అక్కడ విచ్ రావాలి. కైలాసగిరి చోటే కదా మాస్టారూ అంటారు. చోటే. లోపం నా సూత్రంలో ఉంది. అందుకే కామాల పాఠం వచ్చే వారానికి జరిపాను.

తెలుగులో 'మేం చూసిన కొండ', 'మేం కూర్చున్న కొండ' ఒకేలా వినిపిస్తాయి. విడదీయండి. కొండను చూశాం. కొండ మీద కూర్చున్నాం. కలిపి చెప్పేసరికి ఆ 'ను', ఆ 'మీద' దాక్కున్నాయి. ఇంగ్లిష్‌కి కావలసింది అవే. 'ను' దాక్కుంటే విచ్: 'ద హిల్ విచ్ వి సా'. 'మీద', 'లో', 'దగ్గర' దాక్కుంటే వేర్: 'ద హిల్ వేర్ వి శాట్'.

మనుషులకూ ఇంతే. ఫిషింగ్ హార్బర్‌లో వల కొన్న జాలరి ఉన్నాడు. జాలరి కొన్నాడు, విభక్తి లేదు, కాబట్టి హూ. వల తెగిన జాలరి? తెగింది జాలరి కాదు, జాలరి వల. హూజ్: 'ద ఫిషర్‌మన్ హూజ్ నెట్ టోర్'. మేం కలిసిన జాలరి అంటే జాలరిని కలిశాం, వ్యాకరణం ప్రకారం హూమ్. మాట్లాడేటప్పుడు నేను హూమ్ తీసేస్తాను: 'ద ఫిషర్‌మన్ వి మెట్'. ఇదీ సరైన ఇంగ్లిషే.

ఇక విజిట్. ఏళ్ల తరబడి నన్ను విసిగిస్తున్న తప్పు ఇది. మనసులో 'కైలాసగిరికి వెళ్లాం' అనుకుంటారు, 'కి' ఉంది కదా అని వేర్ పెట్టేస్తారు. వెంట్ రాస్తే వేర్ సరే. కానీ రాసింది విజిటెడ్. 'విజిటెడ్ కైలాసగిరి' అంటాం, మధ్యలో టు రాదు. అంటే తెలుగులో విడదీశాక, ఇంగ్లిష్ క్రియ ఏం అడుగుతుందో కూడా చూడాలి. 'నాకు నచ్చిన బీచ్'లో 'కు' ఉన్నా లైక్‌కి ఏ ప్రిపొజిషనూ అక్కర్లేదు: 'ద బీచ్ విచ్ ఐ లైక్'. లివ్ మాత్రం ఇన్ అడుగుతుంది: 'ద స్ట్రీట్ వేర్ ఐ లివ్', లేదా 'ద స్ట్రీట్ విచ్ ఐ లివ్ ఇన్'. వేర్ పెట్టి చివర ఇన్ కూడా తగిలించకండి, దయచేసి. వేర్‌లోనే ఇన్ ఉంది.

దట్ గురించి ఒక్క ముక్క. పై వాక్యాల్లో విచ్ బదులు దట్ పెట్టొచ్చు. కామా తర్వాత కుదరదు. విశాఖలోని కుర్సురా జలాంతర్గామి గురించి ఇలా రాయాలి: 'కుర్సురా, విచ్ జాయిన్డ్ ద నేవీ ఇన్ 1969, ఈజ్ నౌ ఎ మ్యూజియం'.

అభ్యాసం: ముందు తెలుగులో విడదీసి రాయండి, తర్వాతే ఇంగ్లిష్. మేం ఎక్కిన అరకు రైలు. మేం నిద్రపోయిన రైలు. కిటికీ పగిలిన రైలు. మేం చూసిన బొర్రా గుహలు. మేం తప్పిపోయిన గుహలు. మేం ఇల్లు అమ్మిన మామయ్య. ఆఖరిదానికి హూమ్ ఒక్కటే చాలదు. టు ఎక్కడ పెట్టారో చూస్తాను.