ఉద్యోగం చేసుకుంటూ ప్రోగ్రామింగ్ నేర్చుకోవడం ఎలా: నెల్లూరు, ప్రకాశం జిల్లాల వాళ్ల కోసం

రైసుమిల్లులో లెక్కలు చూసేవాళ్లు, రొయ్యల మేత డీలర్ల దగ్గర పనిచేసేవాళ్లు, చీమకుర్తి వైపు గ్రానైట్ ఆఫీసుల్లో బిల్లులు రాసేవాళ్లు, సచివాలయాల్లో డిజిటల్ అసిస్టెంట్లు, బడుల్లో లెక్కల మాస్టర్లు. చదువు ఎప్పుడో అయిపోయి, ఇప్పుడు పనిలో ఉంటూనే ప్రోగ్రామింగ్ నేర్చుకోవాలనుకునే ఇలాంటివాళ్ల కోసం రాసింది ఇది. వారానికి ఏడెనిమిది గంటలు కీబోర్డు ముందు కూర్చోగలిగితే చాలు, ఆరు నెలల్లో మీ పనికి అక్కరకొచ్చే ప్రోగ్రాం మీరే రాసుకోవచ్చు. కోర్సు ఏదైనా సరే, మొదటి నెల దాటకముందే మీ సొంత లెక్క ఒకటి ప్రోగ్రాంగా రాయండి. సగంలో ఆపేసేవాళ్లలో చాలామంది వీడియోలు చూసి చూసి విసిగిపోయినవాళ్లే.

ముందు ఏ కోర్సో తేల్చుకోండి

మీకు కావాల్సింది చేతిలో సర్టిఫికెట్టా, కొత్త ఉద్యోగమా, ఉన్న పని తేలికవడమా? దీన్ని బట్టే కోర్సు మారుతుంది.

కంప్యూటరు గురించి బొత్తిగా తెలియకపోతే, ఇంగ్లీషు వింటే తల తిరుగుతుంటే, ఐఐటీ బొంబాయి వాళ్ల స్పోకెన్ ట్యుటోరియల్స్‌తో మొదలుపెట్టండి. ఒక్కోటి పది నిమిషాల పాఠం, చాలావాటికి తెలుగు ఆడియో ఉంది, అంతా ఉచితం. వీడియోను సగం తెరలో పెట్టి, మిగతా సగంలో వాళ్లతో పాటే టైపు చేసేలా తయారు చేశారు.

సర్టిఫికెట్ కావాలంటే కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక స్వయం పోర్టల్లో ఎన్‌పీటీఈఎల్ (ఐఐటీలు కలిసి నడిపే ఆన్‌లైన్ పాఠాల కార్యక్రమం) కోర్సులున్నాయి. ఐఐటీల్లాంటి సంస్థల అధ్యాపకులే చెబుతారు. నిడివి 4, 8, 12 వారాలు. జనవరిలో ఒక విడత, జూలైలో ఒక విడత. చేరడానికి, చదవడానికి డబ్బు కట్టక్కర్లేదు, పరీక్షకు మాత్రం ఫీజు ఉంటుంది. కొత్తవాళ్లు ఐఐటీ రోపార్ సుదర్శన్ అయ్యంగార్ గారి ‘జాయ్ ఆఫ్ కంప్యూటింగ్ యూజింగ్ పైథాన్’ తీసుకోవడం మంచిది (పైథాన్ అంటే కొత్తవాళ్లకు తేలికైన ప్రోగ్రామింగ్ భాష). 12 వారాలు కాబట్టి మెల్లగా నడుస్తుంది. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్ మాధవన్ ముకుంద్ గారి పైథాన్, డేటా స్ట్రక్చర్ల (సమాచారాన్ని అమర్చుకునే పద్ధతుల) కోర్సు 8 వారాలు. చాలా మంచి కోర్సు, కానీ మొదటి వారంలోనే గసాభా కనుక్కునే పద్ధతితో పరుగందుకుంటుంది. దాన్ని రెండో కోర్సుగా పెట్టుకోండి.

ప్రభుత్వ గుర్తింపున్న కంప్యూటర్ అర్హత కోసమైతే నైలిట్ ‘ఓ లెవెల్’ చూడండి. ఇంటర్ పాసైతే చాలు, సంస్థలో చేరకుండా నేరుగా కూడా రాయొచ్చు. నాలుగు పేపర్లలో ఒకటి పైథాన్, ఒకటి వెబ్ డిజైనింగ్. డిగ్రీయే కావాలంటే ఐఐటీ మద్రాస్ 2020లో మొదలుపెట్టిన ఆన్‌లైన్ డేటా సైన్స్ కోర్సుంది. వయోపరిమితి లేదు. నాలుగు వారాల పాఠాలు చదివి, అసైన్‌మెంట్లు చేసి, అర్హత పరీక్ష గట్టెక్కితే సీటు వస్తుంది. మధ్యలో ఆగినా అప్పటివరకు దాటిన మెట్టును బట్టి సర్టిఫికెట్, డిప్లొమా ఇస్తారు. ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లకు హార్వర్డ్ సీఎస్50 కూడా ఉచితమే. స్క్రాచ్, సీ, పైథాన్ భాషలు, డేటాబేస్‌లోంచి సమాచారం తీసే ఎస్‌క్యూఎల్, వెబ్ అన్నీ వరసగా వస్తాయి. బరువైన కోర్సు. వారానికి పది గంటలకు పైనే పడుతుంది.

ఎన్‌పీటీఈఎల్ మార్కుల లెక్క, జనం దెబ్బతినే చోటు

కోర్సులో చేరడం వేరు, పరీక్షకు నమోదు చేసుకోవడం వేరు. ఈ తేడా తెలియక, పాఠాలన్నీ చదివి సర్టిఫికెట్ లేకుండా మిగిలిపోయేవాళ్లు ప్రతి విడతలోనూ ఉంటారు. పరీక్ష నమోదుకు గడువు వేరుగా ఉంటుంది. చేరిన రోజే ఆ తేదీని ఫోన్లో అలారంగా పెట్టుకోండి.

ఫలితంలో అసైన్‌మెంట్లకు 25, పరీక్షకు 75. 12 వారాల కోర్సులో మీ అసైన్‌మెంట్లలో బాగా వచ్చిన 8, ఎనిమిది వారాల కోర్సులో 6 తీసుకుని సగటు కడతారు. అసైన్‌మెంట్ల సగటు 80 అయితే 25కి 20. పరీక్షలో నూటికి 60 వస్తే 75కి 45. మొత్తం 65. సర్టిఫికెట్ రావాలంటే అటు 25కి కనీసం 10, ఇటు 75కి కనీసం 30 రావాలి. ఒకవైపు తగ్గితే మరోవైపు ఎంత ఎక్కువున్నా లాభం లేదు.

పరీక్ష కేంద్రానికి వెళ్లి రాయాలి. నమోదు చేసేటప్పుడు పరీక్ష ఊరు ఎంచుకోమంటారు. దగ్గరి ఊళ్లో సీట్లు నిండితే దూరం వెళ్లాల్సొస్తుంది, కాబట్టి చివరిదాకా ఆగకండి. హాల్ టికెట్‌తో పాటు ఒరిజినల్ గుర్తింపు కార్డు తీసుకెళ్లాలి. కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉండి, నమోదులో పొడి అక్షరాలే రాస్తే అక్కడ ఇబ్బంది. కార్డులో ఎలా ఉందో అలాగే నింపండి.

విడత ఎంచుకోవడంలో మన పంటల క్యాలెండరు కూడా చూసుకోవాలి. జనవరి విడత చివరి వారాలు నెల్లూరు వైపు వరికోతల మీద పడతాయి. వ్యవసాయం ఉన్న ఇంటివాళ్లకు జూలై విడత నయం. అయితే అక్టోబరు, నవంబరుల్లో తుపాను వస్తే కరెంటు, నెట్ రెండూ పోతాయి. అందుకే అసైన్‌మెంటును ఆఖరి రోజుకు ఉంచకండి, రెండు రోజుల ముందే పంపేయండి.

ఊళ్లో కోచింగ్‌లో చేరేముందు

నెల్లూరులో మాగుంట లేఅవుట్, ఒంగోలులో కర్నూలు రోడ్డు, ఎక్కడికెళ్లినా ఫీజు కట్టకముందు ఒక క్లాసు కూర్చుని చూడనివ్వమని అడగండి. క్లాసులో పిల్లలు టైపు చేస్తున్నారా, బోర్డు మీది ప్రోగ్రాం నోట్సులోకి ఎక్కించుకుంటున్నారా చూడండి. రెండోదైతే వచ్చేయండి.

సీ నేర్పేచోట తెర మీద నీలిరంగు టర్బో సీ కనిపిస్తే కారణం అడగండి. ఆ పాత కంపైలర్లో (మనం రాసిన ప్రోగ్రాంను కంప్యూటరు నడపగలిగేలా మార్చే సాఫ్ట్‌వేర్‌లో) పూర్ణాంకానికి 16 బిట్లే, అంటే 32,767 దాటితే లెక్క తిరగబడుతుంది. 40,000 జీతం వేస్తే −25,536 అని చూపిస్తుంది. అందులో అలవాటైన హెడర్ ఫైళ్లు (ప్రోగ్రాం పైన జోడించే సిద్ధంగా ఉన్న ఫైళ్లు) కొన్ని ఇప్పటి కంపైలర్లలో పనిచేయవు, ఆ అలవాట్లు మళ్లీ మార్చుకోవాల్సొస్తుంది.

డబ్బు విషయంలో రెండు జాగ్రత్తలు. వాయిదాలు అంటే సంస్థకు నెలనెలా కట్టడమా, ఫైనాన్స్ కంపెనీలో మీ పేరున అప్పా అన్నది తేల్చుకోండి. అప్పైతే మీరు కోర్సు మానేసినా కిస్తీ ఆగదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరికీ ఇవ్వొద్దు. ‘ఉద్యోగం గ్యారంటీ, అనుభవం సర్టిఫికెట్ కూడా మేమే ఇస్తాం’ అంటే అక్కడినుంచి లేచి రండి. పీఎఫ్ ఖాతాలో మీరు ఎక్కడ, ఎప్పుడు పనిచేశారో అంతా ఉంటుంది. కంపెనీ ఆ వివరాలు సరిచూసిందంటే చేరిన ఉద్యోగం కూడా పోతుంది.

కంప్యూటరు, సాఫ్ట్‌వేర్

ఫోన్లో పాఠం వినొచ్చు, ప్రోగ్రాం రాయడం మాత్రం కష్టం. 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ ఉన్న లాప్‌టాప్, వాడిందైనా సరే, సరిపోతుంది. ఇంట్లో పాత హార్డ్‌డిస్కుతో నెమ్మదించిన లాప్‌టాప్ ఉంటే 256 జీబీ ఎస్‌ఎస్‌డీ మార్పించి చూడండి, కొత్తది కొనే అవసరమే రాకపోవచ్చు. వీడియోలు వైఫై ఉన్నచోట దించుకుని పెట్టుకుంటే నెట్ పోయినా పాఠం ఆగదు.

విండోస్‌లో పైథాన్ పెట్టేటప్పుడు మొదటి తెరలోనే కింద ‘యాడ్ పైథాన్ టు పాత్’ అన్నట్టు చిన్న గడి కనిపిస్తే వదలకండి. దానికి టిక్ పెట్టకపోతే తర్వాత పైథాన్ అని టైపు చేసినా కంప్యూటరు గుర్తుపట్టదు, లేదా మైక్రోసాఫ్ట్ స్టోర్ తెరుచుకుంటుంది. ప్రోగ్రాం రాసుకునే ఎడిటర్ విజువల్ స్టూడియో కోడ్‌లో ఆటో సేవ్ ఆన్ చేసి పెట్టండి, కరెంటు కోతకు అదే మందు. ఏదీ ఇన్‌స్టాల్ చేయలేని కంప్యూటరైతే గూగుల్ కోలాబ్ బ్రౌజర్లోనే నడుస్తుంది. అందులో రాసిన నోట్‌బుక్ డ్రైవ్‌లో భద్రంగా ఉంటుంది, కానీ పక్కన అప్‌లోడ్ చేసిన ఫైళ్లు సెషన్ ఆగగానే పోతాయి.

మొదటి నెల లెక్కలు: అంకణం, పుట్టి

కోర్సులో ఇచ్చే ఉదాహరణలు ఎక్కడివో. మనవి మనకున్నాయి. నెల్లూరు అంకణం 72 చదరపు అడుగులు, సెంటు 435.6 చదరపు అడుగులు. అంటే సెంటుకు 6.05 అంకణాలు, ఎకరానికి 605. అంకణాలు అడిగి సెంట్లలో చెప్పే ప్రోగ్రాం మొదటి వారంలోనే రాయొచ్చు.

తర్వాత పుట్టి. నెల్లూరు పుట్టి 850 కిలోలు. పుట్టి ధర 20,000 అనుకుంటే క్వింటాలుకు 2,352.94 రూపాయలు. అదే ధరకు పుట్టికి 900 కిలోలు తూకం వేయించుకుంటే రైతుకు క్వింటాలుకు దక్కేది 2,222.22. తేడా 130 రూపాయల పైచిలుకు. ఈ ప్రోగ్రాం ఇంట్లోవాళ్లకు చూపిస్తే మీరు ఏం నేర్చుకుంటున్నారో వాళ్లకు వెంటనే తెలుస్తుంది.

ఇక్కడే మొదటి ఎదురుదెబ్బ తగులుతుంది. ఇన్‌పుట్‌తో తీసుకున్న 5 పైథాన్‌కు అంకె కాదు, అక్షరం. దాన్ని 850తో గుణిస్తే 4250 రాదు, 5 అన్న అక్షరం 850 సార్లు వరసగా పడుతుంది. తీసుకున్న విలువను ఇంట్‌గానో (పూర్ణాంకం) ఫ్లోట్‌గానో (దశాంశ సంఖ్య) మార్చాకే లెక్కలోకి తేవాలి.

రెండోది డబ్బు లెక్క. పైథాన్‌లో 0.1కి 0.2 కలిపితే 0.30000000000000004 వస్తుంది. కంప్యూటరు దశాంశాలను రెండు ఆధారంగా దాచుకుంటుంది, 0.1 అందులో సరిగ్గా ఇమడదు. రౌండ్ చేద్దామంటే 2.5ను 3 చేయదు, 2 చేస్తుంది, సరిగ్గా సగం దగ్గర ఉన్నదాన్ని పక్కనున్న సరిసంఖ్యకు తీసుకెళ్లడం దాని పద్ధతి. బిల్లుల ప్రోగ్రాంలో అంతా పైసల్లో పూర్ణాంకాలుగా ఉంచండి, లేదా డెసిమల్ మాడ్యూల్ (పైథాన్‌తో పాటే సిద్ధంగా వచ్చే ప్రోగ్రాం ముక్క) వాడండి.

ఎర్రర్ వస్తే కంగారుపడి మొత్తం చెరిపేయకండి. అడుగున ఉన్న ఆఖరి వరుస ముందు చదవండి, ఏం తప్పో అక్కడుంటుంది. దానిపైన వరుస నంబరు ఉంటుంది. చాలామందిని గంటలకొద్దీ తిప్పలు పెట్టే తప్పు ఒకటుంది: రాండమ్ మాడ్యూల్ నేర్చుకుంటూ మీ ఫైలుకు కూడా రాండమ్ అనే పేరు పెట్టడం. పైథాన్ అసలు మాడ్యూల్ వదిలేసి మీ ఫైలునే తెచ్చుకుంటుంది. పేరు మార్చేస్తే చాలు.

రెండో నెల నుంచి

అంకణం, పుట్టి అయ్యాక మీ పనిలోని రోజువారీ రిజిస్టరు ఒకటి తీసుకోండి. చెరువువారీ మేత ఖర్చు, మిల్లుకు వచ్చిన లోడ్లు, ట్యూషన్ ఫీజులు, ఏదైనా. ముందు సీఎస్‌వీ ఫైల్లో (కామాలతో వేరుచేసిన సాదా పట్టిక) దాచడం, తర్వాత ఎస్‌క్యూలైట్‌లోకి (ఒకే ఫైల్లో ఉండే చిన్న డేటాబేస్) మార్చడం. తెలుగు పేర్లున్న సీఎస్‌వీని ఎక్సెల్‌లో తెరిస్తే పిచ్చిగీతలు కనిపిస్తాయి. ఫైలు రాసేటప్పుడు ఎన్‌కోడింగ్ ‘యూటీఎఫ్-8-సిగ్’ అని ఇస్తే అక్షరాలు సరిగ్గా వస్తాయి. పన్నెండంకెల నంబర్లు ఎక్సెల్‌లో 1.23ఇ+11 లాగా మారిపోతాయి, ఆ నిలువు వరుసను ముందే టెక్స్ట్‌గా పెట్టాలి.

ఈ దశలోనే గిట్ నేర్చుకోండి, ప్రోగ్రాంలో చేసిన ప్రతి మార్పునూ దాచిపెట్టే సాధనం అది. కూర్చున్న ప్రతిసారీ చివర్లో ఒక కమిట్ చేస్తే (అప్పటి స్థితిని గిట్‌లో భద్రపరిస్తే), పాడైన ప్రోగ్రామును నిన్నటి స్థితికి తెచ్చుకోవచ్చు. గిట్ ప్రోగ్రాంలను ఆన్‌లైన్లో ఉంచే గిట్‌హబ్‌లో పెట్టేటప్పుడు కస్టమర్ల ఆధార్ నంబర్లు, ఫోన్లు, పాస్‌వర్డులు అందులోకి వెళ్లకూడదు. పొరపాటున వెళ్తే ఫైలు తీసేసినంత మాత్రాన పోదు, పాత కమిట్లలో ఉండిపోతుంది. పాస్‌వర్డ్ అయితే వెంటనే మార్చుకోవాలి. ఉద్యోగం మారాలనుకునేవాళ్లు దీని తర్వాత ఎస్‌క్యూఎల్ గట్టిగా పట్టి, వెబ్‌సైట్లు కట్టడానికి వాడే ఒక వెబ్ ఫ్రేమ్‌వర్క్ మీద అదే రిజిస్టరును నడిపించి ఇంటర్వ్యూలో చూపించొచ్చు.

ఏఐ చాట్‌బాట్‌ను ఎర్రర్ అర్థం చెప్పించుకోవడానికి వాడండి. అసైన్‌మెంట్ మాత్రం దానిచేత రాయించకండి, 75 మార్కుల పరీక్ష హాల్లో అది పక్కన ఉండదు.

వారాన్ని ఇలా పంచుకోవచ్చు: సోమవారం నుంచి శుక్రవారం లోపు ఏవైనా నాలుగు రోజులు రాత్రిపూట గంట చొప్పున, ఆదివారం పొద్దున మూడు గంటలు. వీడియో ఒక గంట చూస్తే టైపు చేయడానికి రెండు గంటలు. పెళ్లిళ్లో, రొయ్యల పట్టుబడో వచ్చి రెండు వారాలు తప్పిపోతే మళ్లీ ఒకటో పాఠం నుంచి మొదలుపెట్టకండి. 12లో 8 అసైన్‌మెంట్లే లెక్క కాబట్టి నాలుగు పోయినా మార్కులకు నష్టం లేదు. నడుస్తున్న వారం అసైన్‌మెంటు ముందు పంపి, తప్పిపోయిన పాఠాలు ఆదివారాలకు ఒక్కోటి చొప్పున చూసుకోండి.