సెల్ఫీలో జుట్టు రంగు మారిస్తే విగ్గులా కనిపిస్తోందా?

మొదలుపెట్టే ముందు ఒక్కటి చూసుకోండి. మీరు ఎడిట్ చేస్తున్నది అసలు ఫొటోయేనా? ఫోన్‌లో దిగిన సెల్ఫీని వాట్సాప్‌లో తమకు తామే పంపుకుని, లాప్‌టాప్‌లో తెరిచి, జుట్టు సరిగా రావట్లేదని బాధపడేవాళ్లు చాలామంది. ఫైలు కుదించుకుపోయినప్పుడు ముందుగా పోయేవి సన్నటి వెంట్రుకలే. కేబుల్‌తో కాపీ చేసుకోండి, లేదంటే డాక్యుమెంట్‌గా పంపుకోండి. దయచేసి ఈ మెట్టు దాటేయకండి. కింద చెప్పే అసలు పరిష్కారం కూడా దీనిమీదే ఆధారపడి ఉంది.

రంగు వేసినా జుట్టు నల్లగానే ఉంది

కలర్ బ్లెండ్ మోడ్ (రంగు పొరను కింది ఫొటోతో కలిపే పద్ధతి) రంగును మారుస్తుందే గాని వెలుగును ముట్టుకోదు. మన నల్లజుట్టులో రంగు పైకి కనబడేంత వెలుగు ఉండదు. ముందు జుట్టు వరకే మాస్క్ చేసి (అంటే మార్పు జుట్టు మీదే పడేలా ఎంచుకుని), వెలుగునీడలు సరిచేసే కర్వ్స్‌లో మిడ్‌టోన్లు, అంటే మధ్యస్థంగా వెలుగున్న భాగాలు కాస్త లేపండి, ఆ తర్వాతే రంగు వేయండి. బాగా చీకటిగా ఉన్న చోట్లను మాత్రం అలాగే వదిలేయండి. వాటిని కూడా లేపితే జుట్టు వెలిసిపోయినట్టుంటుంది. ముదురు గోధుమ, బర్గండీ వరకు ఇది చక్కగా కుదురుతుంది. అంతకంటే లేతరంగు కావాలంటే కనుబొమ్మలను కూడా కొంచెం లేతగా చేయాలి.

జుట్టు చుట్టూ నల్లటి మసక గీత, అంచు కత్తిరించినట్టుంది

దీనికి అందరూ మాస్క్‌నే తప్పుపడతారు. మళ్లీ మళ్లీ గీస్తారు, యాప్ మారుస్తారు. నా దగ్గరికి వచ్చిన ఇలాంటి ఫొటోల్లో ఎక్కువ వాటికి అసలు దోషం మాస్క్‌ది కాదు, ఫొటో తీసినప్పుడు ఆన్‌లో ఉన్న పోర్ట్రెయిట్ మోడ్‌ది.

విశాఖలో ఆర్కే బీచ్‌లోనో రుషికొండలోనో సముద్రం వెనకాల వచ్చేలా సెల్ఫీ దిగుతారు. గాలికి జుట్టు ఎగురుతూ ఉంటుంది. మనిషి ఎక్కడ ముగిసి వెనక దృశ్యం ఎక్కడ మొదలవుతుందో ఫోన్ అంచనా వేసుకుని వెనకదాన్ని మసకబారుస్తుంది. ముఖం, భుజాల దగ్గర ఆ అంచనా బాగానే ఉంటుంది. ఎగిరే వెంట్రుకల దగ్గరే తప్పుతుంది. కొన్నింటిని సముద్రంలో కలిపి మసక చేసేస్తుంది, కొన్నింటి మధ్య సముద్రాన్ని స్పష్టంగా వదిలేస్తుంది. జుట్టు నల్లగా ఉన్నంతసేపూ ఆ మసక నీడలా కలిసిపోతుంది కాబట్టి ఎవరికీ కనబడదు. మీరు రంగు మార్చగానే లోపలి జుట్టు గోధుమరంగుకి వస్తుంది, బయటి మసక నల్లగానే మిగులుతుంది. ఆ గీత అదే. అందుకే తప్పు ఎడిటింగ్‌లో జరిగిందనిపిస్తుంది.

నిర్ధారించుకోవడం తేలికే. ఎడిట్ చేయని ఫొటోను 100 శాతానికి జూమ్ చేసి చెవి పక్కన, మెడ దగ్గర వెంట్రుకల సందుల్లో చూడండి. సముద్రపు గీత దూరంగా మసకగా ఉండి జుట్టుని ఆనుకున్న చోట స్పష్టంగా ఉంటే పోర్ట్రెయిట్ మోడే. కురుసుర జలాంతర్గామి ముందు దిగిన ఫొటో అయితే దాని అంచును అలాగే గమనించండి.

ఇప్పుడు ఆ బ్లర్ తీసేయండి. ఐఫోన్‌లో ఎడిట్‌లోకి వెళ్లి పోర్ట్రెయిట్ బటన్ నొక్కితే పోతుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్ల గ్యాలరీలోనూ బ్యాక్‌గ్రౌండ్ బ్లర్‌ను తగ్గించే వీలుంటుంది. ఇది అసలు ఫైల్లోనే పనిచేస్తుంది, వాట్సాప్ కాపీలో ఆ సమాచారం మిగలదు. బ్లర్ పోయాక లైట్‌రూమ్‌లో పీపుల్ మాస్క్ కింద హెయిర్ ఎంచుకోండి. ఫొటోషాప్ వాడేవాళ్లు సెలెక్ట్ అండ్ మాస్క్‌లో రిఫైన్ ఎడ్జ్ బ్రష్‌తో అంచులు దిద్దండి. వెనక మసక కావాలనుకుంటే అన్నీ అయ్యాక చివర్లో వేసుకోండి.

బ్లర్ తీసే దారి లేకపోతే మాస్క్‌ను అంచుదాకా లాగకండి. కొద్దిగా లోపలే ఆపి ఫెదర్ ఇవ్వండి, అంటే అంచు మెల్లగా కలిసిపోయేలా చేయండి. బయట మిగిలిన నల్ల మసక మీద పక్కనున్న సముద్రాన్ని క్లోన్ చేయండి (కాపీ చేసి అద్దండి). తర్వాత అదే జుట్టులోంచి రంగు తీసుకుని, 1, 2 పిక్సెళ్ల బ్రష్‌తో నాలుగైదు వెంట్రుకలు గీయండి. గాలి ఎటు వీస్తోందో అటే గీయండి. రెండు పక్కలా సమానంగా గీస్తే చూడగానే దొరికిపోతుంది.

మళ్లీ ఫొటో దిగే వీలుంటే నేనైతే అదే చేయమంటాను. మామూలు మోడ్‌లో, బ్యూటీ ఫిల్టర్ ఆపేసి, సాయంత్రం పూట దిగండి. మనకి సముద్రం తూర్పున ఉంది కాబట్టి, పొద్దున్నే దాన్ని వెనక పెట్టుకుంటే ఎండ కూడా వెనకే ఉంటుంది. అప్పుడు జుట్టు అంచులు తెల్లగా వెలిగిపోతాయి, లోపలంతా చీకటి. సాయంత్రం వెలుగు ఊరివైపు నుంచి ముఖం మీద పడుతుంది.

అరుదుగా వచ్చేవి

ఫోన్‌లో ఒక రంగు, లాప్‌టాప్‌లో ఇంకో రంగు కనిపిస్తే ఎస్‌ఆర్‌జీబీలో (చాలా స్క్రీన్లు వాడే రంగుల ప్రమాణం) ఎక్స్‌పోర్ట్ చేయండి. వెంట్రుకల అంచున ఊదారంగు గీత ఉంటే అది లెన్స్ వల్ల వచ్చింది, లైట్‌రూమ్‌లో డీఫ్రింజ్ స్లైడర్ కాస్త జరపండి.