కూజా లోపల వణుకు ఎలా ఆగిందంటే

లేత్ మీద, అంటే చెక్కను గిరగిరా తిప్పే యంత్రం మీద, చెక్క కూజా చేస్తున్నాను. దాని నోరు మూడు వేళ్లు పట్టేంత. లోపల తొలుస్తూ 15 సెంటీమీటర్ల లోతు దాటానో లేదో, టూల్ కీచుమని అరిచింది. గోడంతా అలల్లా గీతలు పడ్డాయి. టిప్ మొద్దుబారిందనుకుని స్క్రూ వదులు చేసి, టూల్ కొసన ఉండే గుండ్రటి కార్బైడ్ టిప్‌ని (చెక్కను కోసే గట్టి బిళ్లని) కాస్త తిప్పి కొత్త అంచు పెట్టాను. అయినా అదే వణుకు. గోడ పగులుతుందేమోనని ఒకటే టెన్షన్.

లోపం టిప్‌లో లేదు, దాన్ని మోసే కడ్డీలో ఉంది. నాది 12 మిల్లీమీటర్లది. టూల్ రెస్ట్ (కడ్డీని ఆనించే ఆధారం) దాటి ముందుకు సాగిన పొడవు రెట్టింపైతే, అదే ఒత్తిడికి కడ్డీ 8 రెట్లు వంగుతుంది. మందం 12 నుంచి 19కి పెంచితే బిగువు 6 రెట్లకు పైగా పెరుగుతుంది. అందుకే ముందు 19 మిల్లీమీటర్ల కడ్డీ తీసుకున్నాను. టిప్ మాత్రం చిన్నదే ఎంచుకున్నాను, చెక్కను తాకే అంచు తగ్గితే లాగుడూ తగ్గుతుంది కదా. అంచు మీద టోపీలాంటి మూత ఉన్న టిప్ పచ్చి చెక్కని చక్కగా కోస్తుంది. కానీ ఇంత ఇరుకు నోటిలో పొట్టు చిక్కుకుంటుందని వద్దనుకున్నాను.

టిప్‌ని కూజా తిరిగే మధ్య గీతకన్నా వెంట్రుకవాసి పైకి పెట్టాను. అప్పుడు కడ్డీ వంగినా టిప్ ఖాళీలోకే దిగుతుంది, చెక్కలోకి దూసుకుపోదు. కూజా భుజం కింద తొలవడానికి మెడ వంపు కడ్డీ వాడినప్పుడు, వంపుని రెస్ట్ మీద ఆనిస్తే చేతిలో మెలితిరిగిపోతుంది. తిన్నగా ఉన్న భాగమే ఆనించాలి.

అదే కూజా మళ్లీ ఎక్కించాను. ఈసారి అరుపు లేదు, పొట్టు సన్నగా రాలుతున్న చప్పుడే.